కడగని రీలు

తూంకుంటలో వజ్రమ్మ జ్ఞాపకార్థ కూటం నుంచి తిరిగొచ్చిన సారమ్మ, ఆటో దిగుతూనే చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి మనవణ్ణి పిలిచింది.

"ఓరి ఫిలిప్, ఇటు రా. నేను పోయినంక నా ఫ్లెక్సీ మీద ఏ ఫొటో ఏస్తరు?"

ఫిలిప్ అప్పుడే మేడ్చల్లో డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడెందుకవ్వా ఆ ముచ్చట?"

"ఇప్పుడు గాకుంటె పోయినంక అడుగుతనా? పాపం వజ్రమ్మ, ఎంత మంచి మొకం దానిది! ఆధార్ కార్డుల ఫొటో దీస్కపోయి తలుపంత జేసి కట్టిన్రు. దొంగతనం జేసి దొరికినట్టున్నది. జనమంత బువ్వ తినుకుంట దాన్నే సూస్తున్రు. 'నేను గిట్లుండనమ్మా' అని చెప్పుకునేందుకు అది లేకపాయె."

వంటింట్లోంచి ఫిలిప్ భార్య కెజియా అంది. "ఫోన్ల మస్తున్నయి గదవ్వా నీ ఫొటోలు."

"ఆ ఫోన్ల నా మూతి బాతు మూతి లెక్క ముందుకొస్తది. నాకు మంచిది గావాలె. గోడకు కట్టాలె. నేను బతికుండంగనే దాన్ని సూడాలె, నాకు నచ్చాలె. నచ్చినంకనే పోత."

"అట్లయితే నచ్చకుంట జూస్కుంటం తియ్."

"నువ్వూకో పిల్లా. నీ మొగని కాడ గా నల్ల డబ్బ ఉన్నది గదా. రాళ్ళను దీస్తడు, గుట్టలను దీస్తడు. రాయి పాటి జెయ్యనా నేను?"

ఇందులో అబద్ధమేమీ లేదు. కిందటి వానాకాలంలో ఎవరో వాడి పక్కన పడేసిన ఫిల్మ్ కెమెరా ఒకటి కొన్నప్పటి నుంచీ ఫిలిప్ అలియాబాద్ చుట్టుపక్కల ఉన్న బండలన్నిటికీ ఫొటోలు తీస్తున్నాడు. బండలయ్యాక శామీర్‌పేట చెరువు కట్ట, కట్ట అయ్యాక మళ్ళీ బండలు. మనిషి జోలికి మాత్రం పోలేదు.

నేర్చుకోవడం సాఫీగా సాగిందని కాదు. మొదటి రీలు లోపలి పళ్ళచక్రానికి పట్టుకోనే లేదు. అతను నెలరోజులపాటు ఊపిరి బిగబట్టి, వెలుగు కొలిచి, దూరం సరిచూసి, ఏమీ కదలని ఖాళీ పెట్టెను నొక్కాడు. రెండో రీలు కడిగేటప్పుడు మందుల వరస తప్పి, చివర పోయాల్సింది మొదట పోశాడు. రీలు అద్దంలా స్వచ్ఛంగా బయటికి వచ్చింది. అందులోంచి చూస్తే బాత్రూం గోడ చాలా స్పష్టంగా కనిపించింది. మూడో రీలు కడిగి బల్బుకి ఎదురుగా పట్టుకున్నప్పుడు ఒక బండ కనిపించింది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారిన బండ. ఫిలిప్ బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయాడు. పెళ్ళినాడు కూడా తనకు అంత ఆనందం కలగలేదని అనిపించి, ఆ ఆలోచనను వెంటనే నీళ్ళతోపాటు పారబోశాడు.

ఫిల్మ్ మీద అతనికి అంత ప్రేమ ఎందుకో ఇంట్లో తలా ఒక మాట అన్నారు. కెజియా బద్ధకమంది. అతను ఓపిక అని చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. ఫిలిప్ మందుల కంపెనీలో కదిలే పట్టీ మీద వచ్చే మాత్రలను చూస్తూ, అంచు విరిగినవాటిని ఏరేసే పని చేస్తాడు. రోజంతా తప్పులు వెతికే కళ్ళు ఇంటికొచ్చాక కూడా ఊరుకోవు. ఫోన్లో ఫొటో తీస్తే తీసిన క్షణంలోనే అందులో విరిగిన అంచు కనబడేది. పైగా పక్కవాళ్ళు, "ఏదీ, సూపియ్!" అని చెయ్యి చాపేవాళ్ళు. ఫిల్మ్‌లో ఆ బాధ లేదు. నొక్కుతాడు, చిక్ మంటుంది, అంతే. కడిగేదాకా ప్రతి ఫొటో మంచి ఫొటోయే. ఎవరడిగినా, "ఇంకా కడగలే" అనొచ్చు. తన భయానికి ఇంత మర్యాదైన పేరు పెట్టే యంత్రం ఇంకొకటి దొరకదని అతనికి లోలోపల తెలుసు. తెలిసినదాన్ని కూడా అతను కడగకుండానే ఉంచుకున్నాడు.

అలాంటివాడికి అవ్వ పని అప్పజెప్పింది.

శనివారం ఉదయం సారమ్మ తలకు నూనె పెట్టుకుని, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, చెవులకు కమ్మలు పెట్టుకుని, ప్రహరీ గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కూర్చున్న మరుక్షణం బిగుసుకుపోయింది. గడ్డం పైకి లేచింది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు లోపలికి పోయాయి.

"అవ్వా, ఊపిరి దీస్కో."

"దీస్కుంటె కదులుత గదరా."

"కొంచెం కదిలితె ఏంగాదు."

"ఆధార్ కాడ పిలగాడు కదలొద్దన్నడు."

"ఇది ఆధార్ గాదవ్వా."

"గట్లనే అంటరు తియ్."

ఫిలిప్ కన్ను పెట్టాడు. దూరం సరిచేస్తుంటే, అద్దంలో రెండుగా చీలిన సారమ్మ ముక్కు మెల్లగా ఒక్కటైంది. ముక్కు బాగానే ఉంది. దాని వెనక మనిషే లేదు. ఆమె ఎక్కడికో వెళ్ళిపోయి, ముఖాన్ని కాపలాకు ఉంచినట్టుంది. అతను ఆ చూపును తట్టుకోలేక వెలుగు మళ్ళీ కొలిచాడు. బండ ఎప్పుడూ ఇలా తిరిగి చూడలేదు. బండకు తన నుంచి ఏమీ అక్కర్లేదు.

"ఇంకెంతసేపురా? కోడి గుడ్డు గూడ వెట్టి పాయె."

నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ప్రతిసారీ ఆధార్ కార్డే. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న కెజియా, "నవ్వవ్వా కొంచెం" అంది. సారమ్మ నవ్వింది. అది ఇంకా భయంకరంగా ఉంది. "వద్దు, వద్దు, నవ్వకు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

చివరికి ఫిలిప్ ఆశ వదులుకున్నాడు. "అయిపోయిందవ్వా" అని కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాడు.

సారమ్మ ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. ఎడమ కమ్మ వదులైనట్టుంది, చెయ్యి చెవి దగ్గరికి పోయింది. ముఖం కాస్త గోడవైపు తిరిగింది. వజ్రమ్మ గురించో, మధ్యాహ్నం కూర గురించో, దేని గురించో ఆలోచిస్తోంది. అక్కడ ఎవరూ లేనట్టు, తనకు తాను మాత్రమే ఉన్నట్టు కూర్చుంది. ఫిలిప్ ఆలోచించలేదు. కెమెరా లేచింది, వేలు నొక్కింది. చప్పుడు కూడా ఆమె వినలేదు.

అదే ఫొటో. కడగకముందే తెలిసిపోయింది. ఇలా తెలియడం అతనికి జీవితంలో మొదటిసారి.

"ఎట్లొచ్చిందిరా?"

"ఇంకా కడగలే."

"మరి కడుగు."

"రీలుల ఇంకా కొన్ని మిగిలినయవ్వా. నిండినంక కడుగుత."

అప్పుడే ప్రభుదాసు స్కూటర్ లోపలికి తీసుకొచ్చాడు. ఆయన ఫిలిప్ తండ్రి, సారమ్మ కొడుకు, అలియాబాద్‌లో చిన్న చర్చికి పాస్టరు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో మెషీన్ల మెకానిక్కు. కాబట్టి ఆయన ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి, సంఘంలోకి ఏ వస్తువు కొత్తగా వచ్చినా దాన్ని తెరిచి ప్రార్థన చేస్తాడు. బైక్ అయితే పెట్రోలు ట్యాంకు మూత తీస్తాడు. కారైతే నాలుగు తలుపులూ, బానెట్టూ, డిక్కీ. సంఘంలోని గండయ్య వాళ్ళ కొత్త ఫ్రిజ్‌కి తలుపు తీసి ప్రార్థన మొదలుపెడితే, ఆమెన్ అయ్యేసరికి ఐస్ అంతా నీళ్ళయింది. "మూసి ప్రార్థన జేస్తె మూతకే ఆశీర్వాదం" అని ఆయన వాదన. ఇంతవరకూ ఎవరూ దాన్ని ఖండించలేకపోయారు.

"ప్రభుదాసూ," సారమ్మ పిలిచింది, "గీ డబ్బకు ప్రార్థన జేసినవా?"

"లేదు గదమ్మా. వీడు నాకు సూపియ్యనే లేదు."

"అందుకనే నా మొకం ఇంతసేపు రాలే. చెయ్యి."

"నాయినా, అది పాతది, ఎవలో వాడిందే," అన్నాడు ఫిలిప్.

"అయితె ఇంకా అవుసరం. ఎవలి చేతులల్ల ఉండి వచ్చిందో. కళ్ళు మూస్కోండ్రి."

ఆ మాట వినగానే ఫిలిప్ కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. ముప్పై ఏళ్ళుగా అలవాటైన కళ్ళు. చిన్నప్పుడు ఒకసారి ప్రార్థన మధ్యలో దొంగచాటుగా కళ్ళు తెరిస్తే, తండ్రి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ గబుక్కున మూసుకున్నారు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ ఎత్తలేదు. ఆ తర్వాత ఫిలిప్ మళ్ళీ ఎప్పుడూ తెరవలేదు.

కెమెరా తన ఒళ్ళోంచి లేవడం తెలిసింది. తండ్రి వేళ్ళు దానిమీద తడుముతున్నాయి. మూత ఎక్కడుందో వెతుకుతున్నాయి. దొరకదులే అనుకున్నాడు ఫిలిప్. కానీ అవి మెకానిక్కు వేళ్ళు. పక్కన ఉన్న పిడి పైకి లాగిన చప్పుడు, ఆ తర్వాత చిన్నగా, స్పష్టంగా, చిక్.

"పరిశుద్ధుడవైన తండ్రీ..." అని ప్రభుదాసు మొదలుపెట్టాడు.

ఫిలిప్ కనురెప్పల మీద ఎండ ఎర్రగా పడుతోంది. అదే ఎండ ఇప్పుడు లోపల కూడా పడుతోంది. చక్రానికి చుట్టుకున్న రీలులో అన్నిటికన్నా పైన ఉన్నది, చివర తీసినది, చెవి మీద చెయ్యి వేసుకున్న సారమ్మ. అతనికి కేక వేయాలనిపించింది. నోరు తెరుచుకోలేదు. ప్రార్థన మధ్యలో మాట్లాడటమంటే నడుస్తున్న లారీకి అడ్డం పోవడం. ఎలాగూ పాడయిపోయిందిలే, ఇప్పుడు ఆపి ఏం లాభం అని ఒక మనసు అంది. పైనొకటే పోయింది, కింద వరసలు ఇంకా బతికే ఉంటాయి, ఆపు అని ఇంకో మనసు అంది. ఈ రెండూ కొట్లాడుకుంటుంటే, ప్రభుదాసు కెమెరాను దాటి, చూసే కళ్ళనూ, ఆ కళ్ళకు అద్దాలిచ్చిన డాక్టర్‌నూ, మేడ్చల్ కంపెనీనీ, కెజియా పాఠాలు చెప్పే బడినీ, కరీంనగర్ రోడ్డు మీద పోయే వాహనాలన్నిటినీ ప్రార్థనలోకి తెచ్చాడు. లోకం పెద్దది. ఆయన దేన్నీ వదిలే మనిషి కాడు.

ఆయన రాష్ట్రంలోని రైతుల దగ్గరికి వచ్చేసరికి ఫిలిప్ గొంతులోంచి ఒక మాట, అతన్ని అడక్కుండానే, బయటికి దూకింది.

"ఆమెన్!"

సారమ్మా, కెజియా అలవాటు ప్రకారం గట్టిగా, "ఆమెన్" అన్నారు. కళ్ళు తెరిచారు. ప్రభుదాసు కూడా తెరిచాడు. ఆయన నోట్లో రైతుల వాక్యం సగం ఉంది. కెమెరా ఆయన అరచేతుల్లో, కోసిన బొప్పాయిలా వెనక భాగం బార్లా తెరుచుకుని, ఎండకు మెరుస్తోంది.

ఫిలిప్ లాక్కుని టప్పున మూశాడు.

"ఇంకా అయిపోలేదు గదరా," అన్నాడు ప్రభుదాసు నెమ్మదిగా. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది అందులో. ఇన్నేళ్ళ సేవలో ఆయన కంటే ముందు ఎవరూ ఆమెన్ అనలేదు.

"నాయినా, అది తెరిస్తె ఖరాబైతది. లోపటికి వెలుగు పోవద్దు."

"వెలుగు పోతె ఖరాబైతదా? ఏం వస్తువురా అది? దేవుడు మొదలు జేసిందే వెలుగైతె."

"ఫొటో వెలుగుతోనే వస్తది నాయినా. కానీ కొంచెమే పోవాలె. కంటిరెప్ప ఆడినంతసేపే."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"కళ్ళు మూస్కొమ్మన్నవ్ గదా."

"కళ్ళు మూస్కొమ్మన్న. నోరు మూస్కొమ్మన్ననా?"

కెజియా చిక్కుడుకాయల గిన్నెలో తల దూర్చి నవ్వుతోంది. సారమ్మ మాత్రం మోకాళ్ళు ఒత్తుకుంటూ, "మంచి పని జేసినవ్ బిడ్డా. కుర్సీల కూసుండి కూసుండి నా నడుం వోయింది" అంది. తర్వాత గుర్తొచ్చి, "అయితె నా ఫొటో?" అని అడిగింది.

ఫిలిప్ ఆమె ముఖం చూశాడు. "ఏమో అవ్వా. కడిగితేనే తెలుస్తది."

మరుసటి వారం అతను కడగలేదు. ఆ పై వారమూ కడగలేదు. మిగిలినవాటిని చెరువు కట్ట మీద గబగబా నొక్కేసి, రీలును తిరిగి చుట్టి, ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన పెట్టాడు. రోజూ ఫ్రిజ్ తీసినప్పుడల్లా చూస్తాడు. కడగనంతకాలం అందులో సారమ్మ చెవి మీద చెయ్యి వేసుకుని ఉంది. కడిగితే ఉండకపోవచ్చు. అతనికి ఇది చాలా హేతుబద్ధంగా అనిపించింది. మాత్రల పట్టీ ముందు నిలబడి దీన్ని ఎన్నో విధాల ఆలోచించి, ప్రతి విధంలోనూ తానే సరైనవాడినని తేల్చుకున్నాడు. మధ్యలో అంచు విరిగిన మాత్రలు కొన్ని అతన్ని దాటిపోయి సూపర్వైజరు చేత తిట్లు తినిపించాయి.

"కడిగినవా?" అని సారమ్మ అడుగుతూనే ఉంది.

"మందు అయిపోయిందవ్వా."

"కడిగినవా?"

"నీళ్ళు వేడిగున్నయవ్వా. సల్లవడాలె."

"చెర్ల నీళ్ళు సల్లవడాలెనా, బోరు నీళ్ళు సల్లవడాలెనా? నేను సల్లవడ్డంక కడుగుతవా ఏంది?"

కెజియా ఆ రాత్రి పడుకునేముందు మామూలుగా అంది, "ఏమయ్యా, అది పోయింది గదా? పోయిందని నీకు ఎర్కనే. చెప్పేందుకు మొకం సెల్లక గుడ్ల పక్కన దాచినవ్." ఫిలిప్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరైనా తన మనసును అంత తేలిగ్గా కడిగి ఆరబెట్టడం అతనికి నచ్చలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే సారమ్మ తన ప్లాస్టిక్ కుర్చీని స్వయంగా ఈడ్చుకుంటూ వెళ్ళి బాత్రూం ముందు వేసుకుని కూర్చుంది. "కడుగు. అయ్యేదాంక నేను లేవ."

ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. కాబట్టి ఇది బెదిరింపే.

ఫిలిప్ వెలుగు చొరబడని నల్ల సంచిలోకి చేతులు దూర్చి, కనపడని రీలును కనపడని చక్రానికి ఎక్కించి డబ్బాలో వేసి మూశాడు. లోపలికి వెళ్ళి మందు పోసి తిప్పాడు. బయట నుంచి అవ్వ గొంతు వస్తూనే ఉంది. "ఏమైందిరా?" "ఇంకా తిప్పుతున్న." "మజ్జిగ చిలుకుతున్నవా?" "ఆ, గట్లనే." చివరి నీళ్ళు పారబోసి మూత తీశాడు. రీలు చివర పట్టుకుని మెల్లగా విప్పాడు.

బండలు వచ్చాయి. చక్కటి బండలు. అవి లోపలి చుట్లలో క్షేమంగా ఉన్నాయి. తర్వాత సారమ్మ, ఆధార్ మార్కు చూపుతో, అంచుల్లో మసి కమ్ముకుంటూ. తర్వాత మసిలో కళ్ళు మాత్రమే. తర్వాత కళ్ళు కూడా లేవు. చెవి మీద చెయ్యి ఉండాల్సిన చోట బొగ్గులాంటి నలుపు. అతను దాన్ని బల్బుకి ఆనించి, కన్ను దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఏమీ లేదు. లేదన్నది ఇంత కచ్చితంగా చూడటం అతనికి కొత్త. చిత్రంగా, భయం కూడా అక్కడ లేదు.

తలుపు తీశాడు.

"పోయిందవ్వా."

"అన్ని పోయినయా?"

"పాడువి మిగిలినయి. మంచిది పోయింది."

సారమ్మ తడి రీలును పట్టుకోబోయి, వద్దంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. వరండాలో బైబిల్ చదువుకుంటున్న ప్రభుదాసు పేజీ తిప్పడం ఆపాడు.

"మంచిదేదో ఎట్లుండె? జెప్పు."

ఫిలిప్ ఫొటోలు తీసేదే మాటలు రాక. కానీ తీసిన ఫొటో లేదు, అవ్వ ఎదురుగా ఉంది. మెల్లగా మొదలుపెట్టాడు. "నేను అయిపోయిందన్న గదా. నువ్వు ఊపిరి ఇడిసినవ్. నీ కమ్మ వదులైనట్టున్నది, గిట్ల చెయ్యి వెట్టినవ్. గోడ దిక్కు జూస్తున్నవ్, కానీ గోడను జూస్తలేవ్. నువ్వు ఎవల అవ్వవు గావు అప్పుడు. ఎవల అమ్మవు గావు. ఉత్త సారమ్మవే. మస్తుండె అవ్వా."

అంత పొడుగ్గా అతను మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. తువ్వాలు తెచ్చిన కెజియా దాన్ని ఇవ్వడం మరిచి నిలబడింది.

"నేను గట్లుంటనా?" అంది సారమ్మ.

"గట్లుంటవ్."

"అయితె పట్టు డబ్బ. గట్లనే కూసుంట."

"గట్ల కావాల్నంటే రాదవ్వా. అది దానంతటదే..."

"ఎందుకు రాదురా? నా చెయ్యే, నా చెవే. గోడ గూడ మనదే."

కుర్చీ మళ్ళీ ప్రహరీ పక్కకు పోయింది. ఫిలిప్ కొత్త రీలు ఎక్కించాడు. సారమ్మ కూర్చుని, గంభీరంగా చెయ్యి ఎత్తి చెవికి ఆనించింది. గోడవైపు తిరిగింది. గోడను చూడకుండా చూడటానికి ప్రయత్నించేసరికి కళ్ళు కొంచెం పైకి పోయాయి. నాటకంలో ఆకాశవాణి వింటున్న రాణిలా ఉంది.

"గిట్లనేనా?"

గిట్ల కాదు. ఏ కోశానా కాదు. తప్పులు వెతికే కళ్ళకు అంచులన్నీ విరిగి కనిపించాయి. అయినా ఫిలిప్ చూస్తూ ఉండగా ఒక విషయం మెల్లగా స్పష్టమైంది. ఊపిరి బిగబట్టలేదామె. ముఖాన్ని కాపలాకు వదిలి వెళ్ళిపోలేదు. మనవడికి నచ్చిన తనలా ఉండాలని ఒళ్ళంతా కూడదీసుకుని, అక్కడే, ఆ కుర్చీలోనే ఉంది.

"గిట్లనే అవ్వా," అని నొక్కాడు.

ఈసారి రీలు నిండే వరకూ ఆగలేదు. ఆ సాయంత్రమే కడిగాడు. మేడ్చల్‌లో స్టూడియో అతను పెద్దది చేసి చెక్క ఫ్రేము కట్టించి ఇచ్చాడు. హాల్లో టీవీ పైన మేకు కొట్టి తగిలించాక, సారమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, ఎదుట నిలబడి, తనను తాను పైనుంచి కిందికి చూసుకుంది.

"నచ్చిందా?" అంది కెజియా. "ఆలోచించి చెప్పవ్వా. నచ్చినంకనే పోత అన్నవ్."

"సగం నచ్చింది," అంది సారమ్మ జాగ్రత్తగా. "మిగతా సగం ఇంకోసారి దియ్యాలె. రంగుచీరల."

ప్రభుదాసు కూడా వచ్చి చూశాడు. ఆమెన్ అయిన దగ్గర్నుంచి ఆయనకు ఆ కెమెరా అంటే కొంచెం చిన్నతనంగానే ఉంది. తల అటూ ఇటూ తిప్పి, చెవి మీద చేతిని పరిశీలించి అడిగాడు.

"అంత బాగనే ఉంది. కానీ అమ్మా, ఫోన్ల ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"నీతోని గాదు," అంది సారమ్మ. "నీతోనైతే నాకు మాట్లాడేందుకు సందు ఏడుంటది?"

ప్రభుదాసు, ఆ ఇంట్లో ఎవరూ ఊహించని విధంగా, పకపకా నవ్వాడు. ఫిలిప్ అది చూశాడు. కెమెరా పక్క గదిలో ఉంది. తేవడానికి లేవలేదు. కళ్ళు తెరుచుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు.